పన్నెండేళ్ళ పాపకు నడుము నొప్పి: ఎక్స్‌రే తీయలేదు, మందు ఇవ్వలేదు, వ్యాయామాలతోనే తగ్గుతుందా?

ప్రశ్న (పాప తల్లి)

నమస్కారం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. రెండు నెలలుగా సాయంత్రం హోంవర్కు చేసుకోవడానికి కూర్చున్న అరగంటకల్లా నడుము నొప్పి అంటోంది. ఎక్కడ అని అడిగితే నడుము కింది భాగంలో అడ్డంగా అరచేయి పెట్టి చూపిస్తుంది. నొప్పి కాళ్ళలోకి పాకదు, రాత్రి నిద్రలోంచి లేపదు, జ్వరం లేదు. లేచి నాలుగు అడుగులు వేస్తే తగ్గుతుంది, మళ్ళీ కూర్చుంటే మొదలవుతుంది. గడిచిన ఏడాదిలో 8 సెంటీమీటర్లు పొడవు పెరిగింది.

పిల్లల డాక్టరు గారు ముందుకు, వెనక్కి, పక్కలకు వంగమన్నారు, మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించారు, మోకాళ్ళ దగ్గర చిన్న సుత్తితో తట్టి చూశారు. ఆ తరువాత ఎక్స్‌రే అవసరం లేదని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ నాలుగు వ్యాయామాలు నేర్పి, రోజూ ఇంట్లో చేయించమని, కూర్చునే తీరు సరిచూసుకోమని చెప్పారు. అంతకు మించి ఏమీ ఇవ్వలేదు.

నా మనసు కుదుటపడటం లేదు. నొప్పి ఉన్న నడుముతో వ్యాయామం చేయిస్తే నొప్పి ముదరదా? ఎక్స్‌రే తీయకుండానే లోపల ఏమీ లేదని ఎలా చెప్పగలిగారు? ఇక కూర్చునే తీరు సంగతి: నేను రోజుకు ఎన్నిసార్లు ‘నిటారుగా కూర్చో’ అంటున్నానో లెక్కే లేదు. అన్న నిమిషం నిటారుగా ఉంటుంది, నేను అటు తిరిగేసరికి మళ్ళీ కుర్చీలో జారిపోయి తోకఎముక మీద కూర్చుంటుంది. మొన్న విసుగుపుట్టి, ‘అమ్మా, నిటారుగా కూర్చుంటేనే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది’ అంది. వంకరగా కూర్చోవడానికి అది సాకో, నిజమో నాకు తెలియడం లేదు. భుజాలను వెనక్కి లాగి పట్టే బెల్టులు కొందరు వాడుతున్నారు, అవి పనిచేస్తాయా? స్కూలు బ్యాగు బరువు వల్లే ఇదంతా అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (పిల్లలకు ఫిజియోథెరపీ చేసే వ్యక్తి)

నమస్కారం అమ్మా. నేను మీ పాపను చూడలేదు కనుక మీ డాక్టరు గారి మాటకు బదులుగా నా మాటను తీసుకోకండి. అయితే మీరు రాసిన వివరాలను బట్టి కొన్ని సంగతులు చెప్పగలను.

ముందు ఎక్స్‌రే విషయం. మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించడం, మోకాళ్ళ దగ్గర తట్టడం కాలక్షేపానికి చేసిన పనులు కావు. వెన్నులోంచి కాళ్ళకు వెళ్ళే నరాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకునే పరీక్షలు అవి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ళలో తిమ్మిరి లేదా బలహీనత, కుంటుతూ నడవడం, మూత్రం, మల విసర్జనల మీద పట్టు తప్పడం, పొద్దున లేవగానే చాలాసేపు వెన్ను బిగుసుకుపోయి ఉండటం, దెబ్బ తగిలిన తరువాత మొదలైన నొప్పి, ఐదేళ్ళలోపు బిడ్డకు వచ్చిన నొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దారి వేరు. అప్పుడు ఎక్స్‌రే, రక్తపరీక్ష, ఒక్కోసారి ఎమ్మారై కూడా అవసరమవుతాయి. ఇవేవీ లేకుండా, కదిలితే తగ్గి కూర్చుంటే పెరిగే నొప్పిలో ఎక్స్‌రే చెప్పేది చాలా తక్కువ. పైగా ఎదిగే పిల్లల నడుముకు అనవసరంగా రేడియేషన్ తగలనివ్వకపోవడమే మంచిది. కాబట్టి తీయకపోవడం నిర్లక్ష్యం కాదు. అలాగని ఒకసారి చూశారు కదా అని నిశ్చింతగా ఉండిపోవద్దు. పైన చెప్పిన లక్షణాల్లో ఏదైనా కొత్తగా కనిపించినా, సరిగ్గా వ్యాయామాలు చేసినా నాలుగు నుంచి ఆరు వారాల్లో మార్పేమీ లేకపోయినా మళ్ళీ చూపించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘నిటారుగా కూర్చుంటేనే నొప్పి’ అన్న మీ పాప మాట సాకు కాదని నా నమ్మకం. ఆడపిల్లల్లో ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగేది దాదాపు ఈ వయసులోనే. ఎముకలు పొడవైనంత వేగంగా కండరాల బలం, సాగే గుణం పెరగవు. మీరు చెప్పగానే పాప నడుమును విల్లులా బిగించి, ఛాతీ ముందుకు పెట్టి కూర్చుంటుంది. వెన్ను పక్కనున్న కండరాలు పిడికిలి బిగించినట్టు బిగుసుకుని ఉంటే తప్ప ఆ భంగిమ నిలవదు. పిడికిలిని పది నిమిషాలు బిగించి పట్టుకుని చూడండి, చెయ్యి ఎలా లాగుతుందో తెలుస్తుంది. పాప నడుముకు జరుగుతున్నదీ అదే. అలసిన కండరాలు వదిలేయగానే కిందికి జారుతుంది. జారి కూర్చున్నప్పుడు బరువంతా కండరాల మీది నుంచి వెన్ను వెనకవైపు తంతుల మీద పడుతుంది, కాసేపటికి అవీ లాగుతాయి. అంటే రెండు భంగిమల్లోనూ తప్పు భంగిమది కాదు, ఒకే చోట కదలకుండా ఉండిపోవడానిది. ఎంత చక్కని భంగిమైనా గంటసేపు మార్చకపోతే నొప్పే.

ఆమె కుర్చీని ఒక్కసారి పక్కనుంచి చూడండి. పెద్దవాళ్ళ కుర్చీ అయితే ఇలా ఉంటుంది: వీపు వెనక్కి ఆనేలా కూర్చుంటే పాదాలు నేలకు అందవు, పాదాలు అందాలంటే అంచుకు జరగాలి, అంచుకు జరిగితే వీపుకు ఆసరా ఉండదు. పిల్లలు మూడో దారి వెతుక్కుంటారు. అంచుకు జరిగి, భుజాలను మాత్రం వెనక్కి ఆనించి, మధ్యలో నడుమును గాలిలో వేలాడదీస్తారు. మీరు ‘తోకఎముక మీద కూర్చుంటుంది’ అన్నది సరిగ్గా ఇదే. ఎన్నిసార్లు గదమాయించినా ఆ కుర్చీలో అంతకంటే మెరుగ్గా కూర్చోవడం ఆ ఒడ్డూ పొడుగుకు సాధ్యం కాదు. పాదాల కింద గట్టి పీట ఒకటి వేయండి, మోకాళ్ళు తుంటి ఎత్తుకు వస్తాయి. నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలి వెనక మడతకూ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి, పైన ఉంటే భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. పుస్తకాన్ని బల్ల మీద పరిచి పెట్టకుండా ఏటవాలుగా ఆనించి పెడితే మెడ అంతగా వంగదు. ఫోను, ట్యాబు ఒళ్ళో పెట్టుకుంటే ఈ ఏర్పాట్లన్నీ వృథా.

ఆ తరువాత ‘నిటారుగా కూర్చో’ అనే మాట మానేయండి. దానికి బదులు ప్రతి అరగంటకు లేచి రెండు నిమిషాలు తిరగమనండి. నీళ్ళు తాగమనండి, గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తమనండి. కాసేపు బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి చదువుకోనివ్వండి, కాసేపు నేల మీద బాసింపట్టు వేసుకోనివ్వండి. అరగంట లోపే కదిలితే కూడా తప్పు పట్టకండి, ఆ కదలికే ఆమె వెన్నుకు కావలసింది.

వ్యాయామం వల్ల నొప్పి ముదురుతుందన్న భయం దాదాపు ప్రతి తల్లికీ ఉంటుంది. ఈ రకం నొప్పికి మంచం మీద పడుకోబెట్టడమే చెడు చేస్తుంది, కండరాలు ఇంకా నీరసిస్తాయి. వ్యాయామం చేస్తున్నప్పుడు కండరం లాగినట్టు, అలసినట్టు ఉండటం మామూలే. పది అంకెల కొలతలో నొప్పి మూడు దాటకపోతే, మరునాటి పొద్దుటికి మామూలు స్థాయికి వస్తే కొనసాగించవచ్చు. గుచ్చినట్టు పదునైన నొప్పి వచ్చినా, కాలిలోకి జారినా ఆ వ్యాయామం ఆపి మీ ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.

మీకు నేర్పిన నాలుగు ఏవో మీరు రాయలేదు. సాధారణంగా మేము మొదలుపెట్టేవి ఇలా ఉంటాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిర్రలు బిగించి నడుమును పైకెత్తి అయిదు సెకన్లు నిలపడం ఒకటి. మోకాళ్ళ మీద, అరచేతుల మీద ఉండి పిల్లిలా వీపును పైకి గుండ్రంగా చేయడం, మళ్ళీ కిందికి దించడం ఇంకొకటి. అదే నాలుగు కాళ్ళ భంగిమలో కుడి చేయిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కి చాపి నిలపడం, ఆ తరువాత చేయీ కాలూ మార్చి చేయడం మూడోది. ఈ మూడోది చూడటానికి తేలిక, సరిగ్గా చేయడం కష్టం. పాప నడుము మీద అట్ట గట్టిగా ఉన్న సన్నటి పుస్తకం ఒకటి పెట్టండి. కాలు వెనక్కి చాపేటప్పుడు పుస్తకం ఒక పక్కకు జారిందంటే తుంటి తిరిగిపోయిందన్నమాట. నడుము కుంగి పుస్తకం గుంటలో పడ్డట్టు కూర్చుందంటే పొట్ట కండరాలు వదిలేసిందన్నమాట. కాలును తుంటి కంటే పైకి లేపనివ్వకండి. పుస్తకం కదలకుండా ఒక్కో పక్కకు ఆరుసార్లు చేయగలిగితే, పడిపోతూ ఇరవైసార్లు చేసినదానికంటే ఎక్కువ లాభం.

నాలుగోది తొడ వెనక కండరాలను సాగదీయడం. ఒక పరీక్ష చేసి చూడండి. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక తొడను నేలకు నిలువుగా పట్టుకోమని, ఇక మోకాలిని నెమ్మదిగా చాపమనండి. పిక్క పైకప్పు వైపు తిరగకుండా సగంలోనే ఆగిపోతే ఆ కండరాలు బిగిసి ఉన్నాయని అర్థం. అవి బిగిస్తే కూర్చున్నప్పుడు కటి భాగాన్ని వెనక్కి లాగుతాయి, దానితో నడుము తనంతట తనే గుండ్రమవుతుంది. ఒక్కో కాలిని 30 సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు, ఊపకుండా, ఊపిరి బిగపట్టకుండా సాగదీయాలి.

బ్యాగు గురించి మీ పెద్దలు అన్నదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను కానీ దాన్నే దోషిని చేయడం సరికాదు. 2018లో 69 పరిశోధనలను కలిపి పరిశీలించిన ఒక సమీక్షలో, స్కూలు బ్యాగు బరువే పిల్లల వెన్నునొప్పికి కారణమని నమ్మదగిన ఆధారం దొరకలేదు. అయినా శరీర బరువులో పది, పదిహేను శాతం మించకుండా, రెండు పట్టీలూ భుజాలకు వేసుకుని, బరువైన పుస్తకాలు వీపుకు దగ్గరగా ఉండేలా సర్దుకోవడంలో నష్టం లేదు. 40 కిలోల పాపకు నాలుగు నుంచి ఆరు కిలోలన్నమాట.

రెండో జవాబు (ఒక అబ్బాయి తండ్రి)

పైన చెప్పినదంతా సబబుగా ఉంది. అయితే మా ఇంట్లో జరిగినది చెబితే ఒక జాగ్రత్త తెలుస్తుందని రాస్తున్నాను. మావాడికి పద్నాలుగేళ్ళప్పుడు నడుము నొప్పి మొదలైంది. మీ పాపకు భిన్నంగా, కూర్చుంటే హాయిగా ఉండేది, ఆడితే వచ్చేది. వాడు ఫాస్ట్ బౌలింగ్ చేసేవాడు. మేము కూడా కూర్చునే తీరు బాగాలేదనుకుని మూడు నెలలు కుర్చీలు మార్చాం. చివరికి ఒక డాక్టరు గారు వాడిని ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. ఎడమకాలి మీద నిలబడి వంగగానే కెవ్వుమన్నాడు. ఎమ్మారైలో అయిదో నడుము పూస వెనకభాగంలో ఒత్తిడి వల్ల ఏర్పడిన సన్నటి చీలిక కనిపించింది. దాన్ని స్పాండిలోలైసిస్ అంటారట. నడుమును పదేపదే వెనక్కి విరిచే ఆటల్లో, అంటే జిమ్నాస్టిక్స్, డైవింగ్, ఫాస్ట్ బౌలింగ్ వంటివాటిలో, ఎదిగే పిల్లలకు ఇది వస్తుందని చెప్పారు. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చని కూడా అన్నారు.

మూడు నెలలు బౌలింగ్ పూర్తిగా మాన్పించారు, ఆపరేషన్ అవసరం రాలేదు. ఆ మూడు నెలలూ వాడు మా ముఖాలు చూడలేదనుకోండి, అది వేరే సంగతి. నొప్పి తగ్గిన తరువాత పొట్ట, తుంటి కండరాలకు బలం పెంచే వ్యాయామాలు, ఆ పైన కొద్దికొద్దిగా బంతుల సంఖ్య పెంచుతూ మళ్ళీ మైదానంలోకి పంపారు. అమ్మా, మీ పాప ఏదైనా ఆటో, నాట్యమో నేర్చుకుంటోందా? వెనక్కి వంగినప్పుడు నొప్పి వస్తోందా? ఈ రెండింటికీ జవాబు ‘అవును’ అయితే మాత్రం ఆ మాట డాక్టరు గారికి విడిగా చెప్పండి.

మూడో జవాబు (చిన్నప్పుడు గూని అని తిట్లు తిన్న ఒకరు)

నేను వైద్యుణ్ణి కాను. పదమూడేళ్ళప్పటి నుంచి నన్ను ఇంట్లో, బడిలో ‘గూనిగా నడవకు’ అని మందలించని వారు లేరు. నేనూ సిగ్గుపడి భుజాలు వెనక్కి లాగి నడిచేవాణ్ణి, సాయంత్రానికి వీపు మధ్యలో నిప్పు పెట్టినట్టుండేది. పదహారో ఏట పరీక్ష చేయించినప్పుడు తేలిందేమిటంటే, నాది అలవాటు కాదు, ఎముకల ఆకారం. ఛాతీ వెనక వరుసగా మూడు పూసలు ముందువైపు తక్కువ ఎత్తుతో, వెనకవైపు ఎక్కువ ఎత్తుతో పెరిగాయి. షూయర్‌మాన్ కైఫోసిస్ అన్నారు.

తేడా తెలుసుకునే పద్ధతి ఒకటి అప్పుడు చూపించారు. బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తినప్పుడు, అలవాటు వల్ల వచ్చిన వంపు చదునవుతుంది, ఎముకది మాత్రం అలాగే నిలిచిపోతుంది. ఇది చేసి చూడటానికి అర నిమిషం పట్టదు. మూడేళ్ళ తిట్లు తప్పేవి. ఇంకో పరీక్ష కూడా చేసి చూడండి. పాపను కాళ్ళు దగ్గర పెట్టి, చేతులు జోడించి ముందుకు వంగమని వెనక నుంచి చూడండి. వీపులో ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తే అది స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగి మెలితిరగడం) కావచ్చు, వైద్యుడికి చూపించాలి. అది కూర్చునే తీరు వల్లో బ్యాగు వల్లో వచ్చేది కాదని, పిల్లను నిందించి లాభం లేదని ముందే తెలిసి ఉండటం మంచిది.

బెల్టు సంగతి అడిగారు కదా. నేను రెండేళ్ళు కట్టుకున్నాను. కట్టుకున్నంతసేపు భుజాలు వెనక్కి ఉండేవి, విప్పగానే యథాతథం. చంకల కింద ఒరుసుకుపోవడం అదనం. నాకు పనికొచ్చింది చివరికి ఈత, వీపు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు.

మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి మళ్ళీ

బెల్టు విషయంలో ఒక్క మాట చేర్చాలి, లేకపోతే ఎవరైనా పొరబడవచ్చు. మెత్తని పట్టీలతో భుజాలను లాగే బెల్టు కండరాలు చేయవలసిన పనిని తాను చేస్తుంది తప్ప వాటికి బలం ఇవ్వదు. మీ పాపకు నేను దాన్ని సూచించను. స్కోలియోసిస్‌కు వాడే గట్టి బ్రేసు పూర్తిగా వేరే వస్తువు. అది కొలతలు తీసుకుని ఆ బిడ్డ కోసమే తయారు చేస్తారు. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఎదిగే వయసులో దాన్ని రోజుకు ఎన్ని ఎక్కువ గంటలు ధరిస్తే అంత మేలు కనిపించింది. డాక్టరు దాన్ని ఎవరికి రాసిచ్చారో వారు ‘బెల్టులు పనికిరావట’ అని తీసి పక్కన పెట్టకూడదు.

వెనక్కి వంగడం గురించి ఆ తండ్రి గారు చెప్పినది చాలా విలువైన మాట.

పాప తల్లి (అయిదు వారాల తరువాత)

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. మా పాప ఏ ఆటా, నాట్యమూ నేర్చుకోవడం లేదు. వెనక్కి వంగితే నొప్పి లేదు, ముందుకు వంగితే వీపు రెండు పక్కలా సమానంగానే ఉంది, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తితే వీపు చదునుగానే వస్తోంది. కుర్చీని పక్కనుంచి ఫోటో తీసి చూశాను. పాదాల మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి, మడమలు గాలిలో ఉన్నాయి. రెండు నెలలు ఎదురుగా ఉన్నా నా కంటికి ఆనలేదు. పీట వేశాం, తువ్వాలు పెట్టాం.

పుస్తకం పరీక్ష మొదటిరోజు మూడోసారికే పడిపోయింది. పాపకు పట్టుదల వచ్చి, మరునాడు నన్ను కూడా చేయమంది. నాది మొదటిసారికే పడిపోయింది. అప్పటి నుంచి రాత్రి భోజనానికి ముందు ఇద్దరం పక్కపక్కనే చేస్తున్నాం, నేను గుర్తు చేయవలసిన అవసరం రావడం లేదు. మొదటి వారం తొడల వెనక బాగా లాగిందని అంది, నొప్పి మాత్రం పెరగలేదు. ఇప్పుడు వారానికి ఒకటి రెండు రోజులు తప్ప నొప్పి మాట ఎత్తడం లేదు. ‘నిటారుగా కూర్చో’ అనడం మానేశాను. మొదటి నాలుగు రోజులు నాలుక కొరుక్కోవలసి వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. నొప్పి పూర్తిగా పోయాక ఇవి ఆపేయవచ్చా?

మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి

చాలా సంతోషం అమ్మా. నొప్పి పోయిన రోజునే ఆపేయకండి. ఇంకో ఆరు వారాలు ఇలాగే చేయించి, ఆ తరువాత వారానికి మూడు రోజులకు తగ్గించండి. అప్పటికి అవి పాపకు తేలికైపోతాయి కాబట్టి కొంచెం కష్టమైనవి నేర్పమని మీ ఫిజియోథెరపిస్టును అడగండి. తొడ వెనక కండరాలను సాగదీయడం మాత్రం పొడవు పెరగడం ఆగేదాకా వదలకండి, ఎందుకంటే ఎదుగుదల మళ్ళీ ఊపందుకున్న ప్రతిసారీ అవి మళ్ళీ బిగుస్తాయి.

పాప ఏ ఆటా ఆడదన్నారు. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒంటికి చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మేము నేర్పే నాలుగు వ్యాయామాలకు పట్టేది పావుగంట, మిగతా ముప్పావుగంటకు ఆమెకు ఇష్టమైనదేదో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఇంకో మూడు నెలలకు పీట ఎత్తు మళ్ళీ ఒకసారి చూసుకోండి. పాప ఎదుగుతున్న వేగానికి అది అప్పటికి అక్కర్లేకపోవచ్చు.